నన్ను క్షమించిన మాస్టారు

మొన్న ఆదివారం టెక్కలి నుంచి ఇద్దరు మోటారు సైకిలు మీద మా ఊరికి వచ్చారు. ఉద్దానంలో సముద్రం అంచున ఉన్న మా ఊరికి ఎండలో పడి అంత దూరం వచ్చారంటే ఏదో గట్టి పనే అయి ఉంటుందనుకున్నాను. ఒకాయన నాలాగే బడిపంతులు. నిమ్మాడ మనిషి. కొన్నాళ్ళు మా స్కూల్లోనే పనిచేసి బదిలీ మీద వెళ్ళాడు. రెండో ఆయన ఏదో ఆఫీసులో గుమస్తా. మాస్టారు పోయారని చెప్పారు. కర్మకాండ అయిపోయిందట. ఇప్పుడు సంస్మరణ సభ పెడుతున్నారట. సభలో పంచడానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. అందులో నన్ను కూడా ఒక పేజీ రాయమన్నారు.

"నేను ఆయన దగ్గర చదువుకోలేదు కదండీ," అన్నాను.

"అలాగంటారేటి మేడమ్! లైబ్రరీలో ఆ గొడవ మాకు తెల్దా? మాస్టారు అడ్డపడకపోతే మీ సదువు ఆ రోజుతో సరి. ఆ ముక్క రాయండి సాలు," అన్నాడు పంతులు.

గుమస్తా నవ్వుతూ అందుకున్నాడు. "పేజీలు తీసే టెక్నిక్కు గురించి నాను రాత్తన్నాను. సభకి కాలేజీ పిల్లలు కూడా వత్తారు. స్టేజీ మీద సేసి కూడా సూపిద్దామనుకుంటన్నాం. సరదాగా ఉంటాది."

సరదా! ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంటికి వచ్చినవాళ్ళని ఏమీ అనకూడదని మంచినీళ్ళు ఇచ్చి, రాస్తానని చెప్పి పంపేశాను. రాస్తున్నాను. వేసుకుంటారో పారేస్తారో వాళ్ళ ఇష్టం. ఆయన పేరు మాత్రం రాయను. తెలిసినవాళ్ళకి చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ళు తమ ఊళ్ళో వెతుక్కుంటే ఇలాంటివాళ్ళు దొరక్కపోరు.

తొంభైల చివర్లో సంగతి. టెక్కలిలో ఒక దాత ఇచ్చిన పెంకుటింట్లో ఊరి పెద్దలు కొందరు కలిసి ఒక గ్రంథాలయం నడిపేవారు. నాలుగు బల్లలు, గోడ పొడుగునా బీరువాలు, ఊగుతూ తిరిగే ఒక ఫ్యాను. ఫ్యాను కింద కుర్చీ మాస్టారిది. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగాల పరీక్షలు రాసే కుర్రాళ్ళకి సాయంత్రాలు తమ ఇంటి వరండాలో ఊరికే పాఠాలు చెప్పేవారు. ఆ లెక్కన ఊరందరికీ మాస్టారు అయ్యారు.

ఆయన గొడుగు కుర్చీ వెనక తగిలించి కూర్చునే తీరు ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. పుస్తకం తీశారంటే ముందు రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకునేవారు. ఆ తరవాతే తెరిచేవారు. ఎవరైనా వేలు నాలిక మీద పెట్టి తడి చేసుకుని పేజీ తిప్పితే అక్కడినుంచే కేక వేసేవారు. "ఒరేయ్, సరస్వతికి ఎంగిలి తగిలిస్తావేంట్రా?" అనేవారు. పకోడీలు తిన్న చేతులతో వచ్చినవాణ్ణి పెరట్లో కుళాయి దగ్గరికి తరిమేవారు. పుస్తకం బల్ల మీద బోర్లా పెడితే ఆయనకి ప్రాణం పోయినట్టుండేది. "నిన్ను అలా బోర్లా పడుకోబెట్టి నడ్డి మీద గుద్దితే ఎలాగుంటుంది?" అని అడిగేవారు. కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఆయన అంటే భక్తి.

భక్తికి ఇంకో కారణం కూడా ఉంది. మాది వేట మీద బతికే ఇల్లు. నాన్న సముద్రానికి వెళ్ళేవాడు, అమ్మ ఎండుచేపలు అమ్మేది. ఎంత ఉతికినా మా బట్టల్లోంచి ఆ వాసన పోదు. నేను బల్ల దగ్గరికి వస్తే పక్కవాళ్ళు కుర్చీ కొంచెం అటు జరుపుకునేవారు. నోటితో ఏమీ అనరు, కుర్చీ చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మాస్టారు ఎన్నడూ కుర్చీ జరపలేదు. "ఏటమ్మా, బస్సు దొరికిందా ఇవాళ?" అని పలకరించేవారు. ఒకసారి జోరున వాన పడుతుంటే బస్టాండుదాకా తన గొడుగులో తీసుకెళ్ళారు. ఇది కూడా రాయాలి. ఆయన చెడ్డవాడని రాయడం నాకు సుఖంగానే ఉంటుంది గానీ, అంత తేలిగ్గా తేలిపోయే మనిషి కాడు.

నేను అక్కడికి వెళ్ళేది ఒక్క పుస్తకం కోసం. విద్యా మనస్తత్వ శాస్త్రం మీద లావుపాటి తెలుగు పుస్తకం. టీచరు పరీక్షకి అదే ఆధారం. కొనుక్కునే స్తోమత లేదు, పలాసలో వెతికితే దొరకలేదు. ఇక్కడ ఒక్క ప్రతి ఉంది, ఇంటికి ఇవ్వరు. అందుకని మా ఊరినుంచి పలాస వచ్చి, అక్కడ బస్సు మారి టెక్కలి వచ్చి, ఒక్కొక్క పాఠం చేత్తో రాసుకుని పోయేదాన్ని. పలాసలో జీడిపప్పు కార్ఖానాలకి పోయే ఆడవాళ్ళు నన్ను చూసి, "ఏ బట్టీలోనే పిల్లా పని?" అని అడిగేవాళ్ళు. పరీక్షకి చదువుతున్నానంటే ముక్కున వేలేసుకునేవాళ్ళు.

ఒకరోజు పుస్తకం తీసేసరికి, నేను రాసుకోవలసిన పాఠం లేదు. అభ్యసన సూత్రాలు అన్న పాఠం. దాని ముందు పాఠం ఉంది, తరవాతి పాఠం ఉంది, మధ్యలో మొత్తం మాయం. చిరిగిన గుర్తు లేదు, కత్తిరించిన అంచు లేదు. కుట్టు కుట్టినట్టే ఉంది. అచ్చు వేసినప్పుడే వదిలేశారా అనుకునేలా ఉంది. కానీ వారం కిందట ఆ పాఠం మొదటి పేజీ నేను చూశాను.

నేను చేసిన పని ఏమిటంటే, పుస్తకం పట్టుకుని పరుగున వెళ్ళి లైబ్రేరియన్‌కి చూపించాను. ఎవరో పుస్తకం పాడుచేశారు, ఆయనకి తెలియాలి అనుకున్నాను. అంత అమాయకత్వం.

ఆయన పుస్తకం తిరగేసి చూసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. "ఇన్నాళ్ళనించీ ఈ పుస్తకం ఎవరి చేతిలో ఉంటంది? నీ చేతిలోనే కదా?"

"నేనే తీస్తే నేనే వచ్చి ఎందుకు చెప్తానండీ?"

"ముందుగా చెప్పీస్తే నీ మీదకి రాదనుకున్నావు."

బల్ల దగ్గరినుంచి ఎవరో, "ఎండుచేపలు పొట్లం కట్టడానికి కాయితాలు కావాలి కదండీ," అన్నారు. నవ్వులు. ఆ నవ్వులు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తాయని రాస్తే అబద్ధం. నిద్రలో కాదు, మెలకువగా ఉన్నప్పుడే వినిపిస్తాయి. రేపు మీ నాన్నని తీసుకురా, లేకపోతే ఇక ఈ గడప తొక్కొద్దు అని లైబ్రేరియన్ నన్ను పంపేశాడు.

మర్నాడు నాన్న వేట మానుకుని వచ్చాడు. పెళ్ళిళ్ళకి తొడుక్కునే తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లైబ్రేరియన్ పుస్తకం తెరిచి, పోయిన చోటు వేలితో చూపించి, దొంగతనం అన్న మాట కూడా వాడాడు. నాన్నకి చదవడం రాదు. ఉన్న పేజీ ఏదో లేని పేజీ ఏదో ఆయనకేం తెలుస్తుంది? "మా గుంట అలాటిది కాదు బాబూ," అని మాత్రం అన్నాడు. అన్నమాటే మళ్ళీ అన్నాడు.

అప్పుడు ఫ్యాను కిందనుంచి మాస్టారు లేచి వచ్చారు.

"పోనిద్దురూ," అన్నారు లైబ్రేరియన్ భుజం మీద చెయ్యి వేసి. "పేదపిల్ల. చదువు మీద ఆశకొద్దీ చేసుంటుంది. చదువు కోసం చేసిన తప్పు తప్పు కాదండీ. నా మాట విని వదిలీండి."

గదంతా మెత్తబడిపోయింది. ఎంత దొడ్డమనసు అన్నారు ఒకరు. సరే, మీ ముఖం చూసి వదిలేస్తున్నాను అన్నాడు లైబ్రేరియన్. మాస్టారు ఆ పుస్తకం అందుకుని, కళ్ళకద్దుకుని, బీరువాలో పెట్టేశారు. నేను తియ్యలేదు మాస్టారూ అని అరవబోయాను. ఆయన నా తల నిమిరి, "సరేలేమ్మా, అయిపోయింది కదా," అన్నారు. నాన్న ఆయన పాదాలకి దణ్ణం పెట్టాడు.

తిడితే ఎదురుతిరిగి తిట్టొచ్చు. కొడితే ఏడవొచ్చు. క్షమించేస్తే మనిషి ఏం చెయ్యాలి?

పలాసలో బస్సు దిగాక టీ తాగుతూ, నాన్న నా వైపు చూడకుండా అడిగాడు.

"నిజం సెప్పమ్మా. నానేటీ అనను. సింపీసినావా?"

"నేదు నాన్నా."

"మరి తప్పు సెయ్యకపోతే, అంత పెద్దాయన ఒగ్గీయండని ఎందుకన్నాడు?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు. లైబ్రేరియన్ ఆరోపణని మా నాన్న నమ్మలేదు. మాస్టారి దయని నమ్మాడు.

ఆ తరవాత నేను అక్కడికి వెళ్ళలేదు. ఆ ఏడు ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క పాఠం వల్లే రాలేదని ఒట్టు వేసి చెప్పలేను. తరవాతి పరీక్షకి వచ్చింది. సోంపేట వైపు స్కూల్లో చేరాను, తరవాత మా ఊరికి దగ్గర్లోకి బదిలీ చేయించుకుని అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాను.

ఆ స్కూల్లోనే నిమ్మాడ పంతులు కలిశాడు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నాలు తింటుండగా, తను ఉద్యోగం ఎలా తెచ్చుకున్నాడో చెబుతూ మాస్టారి మాట ఎత్తాడు. వరండాలో చేరిన ప్రతి కుర్రాడికీ మాస్టారు మొదట నేర్పేది అదేనట. పుస్తకంలోంచి కాయితం చప్పుడు లేకుండా, గుర్తు లేకుండా ఎలా తియ్యాలో. ఎలాగో నేను రాయను. మీకు తెలుసుకోవాలని ఉంటుంది, నాకు తెలుసు. తెలుసుకోకండి.

"ముందు పుస్తకాన్ని కళ్ళకద్దుకోమనీవోరు మేడమ్," అన్నాడు పంతులు మురిసిపోతూ. "తల్లీ సరస్వతీ, నీ సొత్తు నీ బిడ్డలకే ఇత్తన్నాం, తప్పుంటే మన్నించు అనుకోవాల. ఆ తరవాత తియ్యాల. మాలో ఒక్కొక్కడు ఒక్కొక్క పాఠం తెచ్చీవోడు. వరండాలో కూకుని మార్సుకుని సదువుకునీవోళ్ళం. విద్య పంచుకుంటే పెరుగుతాదని మాస్టారు సెప్పీవోరు. ఆ లావుపాటి మనస్తత్వ శాస్త్రం పుస్తకంలో అభ్యసన సూత్రాలు నా వంతు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఆ నింద నా మీద పడింది," అన్నాను.

"అయ్యో, ఆ పిల్ల మీరేనేటి!" అన్నాడు. కాస్త సిగ్గుపడ్డాడు కూడా. వెంటనే ముఖం వెలిగింది. "సూసినారా మరి, మాస్టారు ఎంత మంచోరో! మీ మీదకి రాకుండా ఆపినారు."

పరీక్ష అయ్యాక ఆ కాయితాలు ఏం చేశారని అడిగాను. "ఏటి సేత్తాం మేడమ్? ఎక్కడో పోనాయి," అన్నాడు.

ఆ శనివారమే టెక్కలి వెళ్ళాను. మాస్టారి ఇంటికి. నన్ను చూసి ఎంత సంతోషించారో! కుర్చీ తుడిచి వేశారు, లోపలికి కేకేసి కాఫీ చెప్పారు. నేను కాఫీ ముట్టకుండా మొత్తం అడిగేశాను. ఆయన కాదనలేదు. బుకాయిస్తారని సిద్ధపడి వెళ్ళినదాన్ని, తడబడ్డాను.

"మావాళ్ళేనమ్మా తీసేరు. నేర్పింది నేనే. అరవైనాలుగు కళల్లో చోరకళ కూడా ఉంది కదా," అని నవ్వారు. "చూడు, బీరువాలో పడుంటే ఆ పుస్తకం చెదలకి. మావాళ్ళకి ఉద్యోగాలొచ్చేయి. వాళ్ళు వేలమంది పిల్లలకి చదువు చెప్తున్నారు. పుస్తకం ఎక్కడికి పోయిందమ్మా?"

"చదువుకున్నాక తిరిగి తెచ్చి పెట్టొచ్చు కదా మాస్టారూ?"

ఆయన నన్ను ఒక మందబుద్ధి పిల్లని చూసినట్టు చూశారు. "పెట్టీస్తే అవతలివాళ్ళు చదివీయరూ? పోటీ పరీక్ష కదమ్మా."

ఇంతకాలం కళ్ళకద్దుకోవడాలు, ఎంగిలి కూడదనడాలు అన్నీ చూశాను. మనసులో మాట మాత్రం ఆ రోజు విన్నాను. ఏరు దాటాక తెప్ప తగలేయడం అని సామెత ఉంది. మా ఇళ్ళల్లో తెప్ప మీదే బతుకు, అందుకని ఆ సామెత మాకు ఒట్టి సామెతలా వినిపించదు. ఆ సామెతని మేలు మరిచినవాళ్ళ మీద వాడతారు. మాస్టారు అంతకంటే ఒక మెట్టు పైకి వెళ్ళారు. వెనక వచ్చేవాళ్ళు దాటకూడదని తగలేశారు. అంతటితో ఆగక, తగలేయడం ఎలాగో పిల్లలకి పాఠంగా చెప్పారు. తానే తీసి ఊరుకుంటే ఒక బీరువా పాడయ్యేది. నేర్పడం వల్ల ఎన్ని ఊళ్ళల్లో ఎన్ని బీరువాలు పాడయ్యాయో, ఇప్పుడు ఎవరి పిల్ల ఏ పుస్తకం తెరిచి బిక్కమొహం వేసి నిలబడిందో, ఎవరు చెప్పగలరు? ఆ వరండాలో చదువుకున్నవాళ్ళు సగంమంది పంతుళ్ళే!

"ఆ రోజు నేను తియ్యలేదని మీకు తెలుసు. తెలిసి నన్ను క్షమించారు," అన్నాను.

"మరి నేను చెప్పకపోతే నిన్ను రానిచ్చీవారా? నిన్ను కాపాడదామనే కదమ్మా!"

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. ఆ ముఖంలో దొంగతనం ఏ కోశానా లేదు. గోడకి తల బాదుకోవాలనిపించింది.

"నాకేమీ వద్దు. మా ఊరొచ్చి మా నాన్నతో ఒక్క మాట చెప్పండి. మీ అమ్మాయి తియ్యలేదు అని. అంతే," అన్నాను.

"దానికేముందమ్మా, వస్తాను," అన్నారు.

వచ్చారు. రారేమో అనుకున్నాను, వచ్చారు. ఆ మాట దాచకూడదు. ఎండలో గొడుగు వేసుకుని, ఆటో దిగి ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. నాన్న కంగారుపడిపోయాడు. పక్కింట్లో కుర్చీ అడిగి తెచ్చి వేశాడు. ఆయన మన ఇళ్ళల్లో తింటారో తినరో అని, చెట్టు ఎక్కించి బొండాలు దింపించి, తానే కొట్టి అందించాడు. ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని చేతులు జోడించాడు.

"తమరి దయ బాబూ. ఆ రోజు తమరు ఒగ్గీయకపోతే మా గుంట ఏటైపోనో. ఇయ్యాల ఉద్యోగం సేసుకుంటంది. మా ఇంటికి దేముడొచ్చినట్టుంది."

మాస్టారు బొండం తాగుతూ తల ఊపారు. నేను గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని. ఆయన బొండం కింద పెట్టి, మూతి తుడుచుకుని, "మీ ఊళ్ళో గాలి బాగుందండీ," అన్నారు.

"మాస్టారూ, చెప్పండి," అన్నాను.

ఆయన సముద్రం వైపు చూస్తున్నారు. చెబుదామనే వచ్చారేమో. ఆ జోడించిన చేతుల ముందు నోరు పెగల్లేదేమో. అలా అనుకుంటే నాకు జాలి కలగాలి. కలగలేదు.

"నాన్నా, ఆ కాయితాలు తీయించింది ఈయనే. ఈయన దగ్గర చదువుకున్నవాళ్ళే తీశారు. నా మీద పడితే చూస్తూ కూర్చున్నారు," అన్నాను. గొంతు ఎంత లేచిందో నాకే తెలియలేదు. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

నాన్న లేచాడు. చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. "నోరు ముయ్యి! పెద్దోరిని, ఇంటికొచ్చినోరిని, అంతలేసి మాటలంటావా?" అని, గిరుక్కున తిరిగి మాస్టారి కాళ్ళ మీద పడ్డాడు. "తెలివితక్కువ గుంట బాబూ. మనసులో ఎట్టుకోకండి. నన్ను సూసి ఒగ్గీయండి."

మాస్టారు నాన్న భుజాలు పట్టుకుని లేపారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఎందుకో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"పోనిద్దురూ," అన్నారు. "చిన్నపిల్ల. నేనేమీ మనసులో పెట్టుకోను."

అలా నన్ను రెండోసారి క్షమించి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. నాన్న ఆటో దాకా బొండాల గెల మోసుకెళ్ళి ఎక్కించి వచ్చాడు.

ఇదీ నేను రాయగలిగిన పేజీ. సభ పెట్టేవాళ్ళకి ఒక్క మనవి. ఇది అచ్చు వేయకపోయినా సరే, స్టేజీ మీద ఆ పని మాత్రం చేసి చూపించకండి. పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్పింది పిల్లలు తప్పనుకోరు. ఆ పిల్లల్లో ఒకడు నేర్చుకుంటాడు. ఇంకెక్కడో, ఇంకో పిల్ల, పోయిన పాఠం పట్టుకుని నిజం చెప్పడానికి పరుగెడుతుంది.

ఆ ఆదివారం వాళ్ళిద్దరూ చెప్పింది అరుగు మీద వల బాగుచేసుకుంటూ నాన్న కూడా విన్నాడు. వాళ్ళు వెళ్ళాక లోపలికి వచ్చి, సభకి తనని తీసుకెళ్ళమన్నాడు. రెండుసార్లు ఒగ్గేసిన మారాజు, సభలో ఆయన పటానికి దణ్ణం పెట్టుకోవాలి అన్నాడు. నేను రాను, నిన్ను తీసుకెళ్ళను అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. అమ్మతో అంటుంటే వినిపించింది.

"సదువు సెప్పించినాం గానీ, దానికి ఇసువాసం నేదే."